బియ్యం వస్తున్నాయిగా, ఇంకేం కావాలి?

చింతలపూడి, నూజివీడు తోటల్లో బంగినపల్లి కోత మొదలైందంటే టీ బడ్డీల దగ్గర కూలీల ఖర్చుల మీద మాటలు మొదలవుతాయి. అనేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, లెక్క చూసుకోరు, అంతే.

అపోహ: రేషన్ బియ్యం ఉచితం కాబట్టి తిండికి లోటు లేదు.

మామూలు రైస్ కార్డు మీద మనిషికి నెలకు వచ్చేది 5 కిలోలు. రోజుకు 165 గ్రాములు, అంటే 600 కేలరీలకు లోపే. ఒక మోస్తరు శ్రమ చేసే పెద్దవాళ్లకు 2,700 కేలరీలు కావాలని పోషకాహార నిపుణుడు ఐక్రాయిడ్ చెప్పిన లెక్కనే 1957లో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చున్న 15వ భారత కార్మిక సదస్సు ఒప్పుకుంది. ఉచిత బియ్యం అందులో పావు వంతుకు కూడా రావు. పప్పు, నూనె, కూరగాయలు, పిల్లలకు పాలు, గుడ్డు అన్నీ కొనుక్కోవాల్సిందే.

అపోహ: మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికి వెళ్తారు, బాగానే గడుస్తుంది.

ఆ సదస్సు లెక్క ప్రకారం ఒక్కరి సంపాదనతోనే ఇల్లు గడవాలి. కనీస కూలి లెక్క కట్టేటప్పుడు భార్యాపిల్లల సంపాదన కలపకూడదని స్పష్టంగా చెప్పింది. పైగా మామిడి కోతలు రెండు మూడు నెలలే. తర్వాత మొక్కజొన్న, పామాయిల్ తోటల్లో పని దొరికిన రోజే కూలి.

అపోహ: సెల్‌ఫోన్ విలాసం.

రేపు ఏ తోటకు వెళ్లాలో మేస్త్రి చెప్పేది ఫోన్లోనే. ఓటీపీ వచ్చేదీ అందులోనే. ఫోన్ లేకపోతే పని కబురే అందదు.

అపోహ: పండగలు, పెళ్లిళ్లు కూలోళ్లకు దండగ ఖర్చు.

సుప్రీంకోర్టు అలా అనలేదు. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, పండగలు, వేడుకలు, వృద్ధాప్యం, పెళ్లిళ్ల కోసం కనీస వేతనంలో 25 శాతం ఉండాలని తీర్పు చెప్పింది. సంక్రాంతికి పాపకు కొత్త గౌను కొన్న తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికుంది?

అపోహ: ఒంటికి ఏదో ఒక గుడ్డ ఉంటే చాలు.

ఇది నన్ను బాగా నొప్పించే మాట. కాయ కోసేటప్పుడు తొడిమ విరిగితే సొన చిమ్ముతుంది. చర్మం మీద పడితే మంట, తర్వాత పుండు. అందుకే ఎండలు మండిపోతున్నా చిక్కం పట్టే మనిషి ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటాడు. కాయలు ఏరే ఆడవాళ్లు చీర మీద భర్త పాత చొక్కా తొడుక్కుంటారు. చొక్కా మీద పడి నల్లబడ్డ సొన మరక ఎంత ఉతికినా పోదు. 1957 లెక్క మనిషికి ఏడాదికి 18 గజాల బట్ట రాసింది. అంతకంటే చాలా ముందే, 1776లో, మర్యాదగా బతికే కూలీ నార చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడనీ, కాబట్టి అదీ నిత్యావసరమేననీ ఆడమ్ స్మిత్ రాశాడు. మన తోటల్లోనూ అంతే. సొన మరకల చొక్కా పనికి. బడిలో పిల్లాడి మీటింగుకు, ఆసుపత్రికి, బ్యాంకుకు వెళ్లడానికి ఉతికి మడతపెట్టి పెట్టెలో దాచుకున్న ఇంకో చొక్కా ఉంటుంది.