మొగులు మీద పెత్తనం ఎవనిది?

1991 జూన్‌ల ఫిలిప్పీన్స్‌ల పినటుబో అగ్నిపర్వతం పేలింది. కోటిన్నర టన్నులకు తక్కువ గాకుండ సల్ఫర్ డయాక్సైడ్ మబ్బుల కన్న మీదికి పోయి, సన్నటి తెర లెక్క భూమిని కమ్మింది. మరుసటేడు లోకం సగటు వేడి అర డిగ్రీ దాక తగ్గింది. విమానాలతోని మనమే గట్ల చల్లితే ఎట్లుంటదన్న ముచ్చటనే సోలార్ జియోఇంజినీరింగ్ అంటున్నరు.

నన్నడిగితే ఇది జరమొచ్చినోనికి తడిబట్ట ఏసుడు. బొగ్గుపొగ ఏడిదాడనే ఉంటది. చల్లుడు మధ్యల ఆపితే, అణగదొక్కిన వేడి అంతా కొన్నేండ్లల్లనే మీదవడ్తది.

అసలు లొల్లి వానతోని. ఉత్తరార్ధగోళంల మాత్రమే చల్లితే ఆఫ్రికా సహేల్‌ల కరువు రావచ్చని 2013ల బ్రిటన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టిన్రు. మన నైరుతి వాన గూడ నేల వేడికి, సముద్రం వేడికి నడుమ తేడా మీదనే నడుస్తది. మిరుగు నాడు మొగులు దిక్కు జూసే రైతును దీని గురించి అడిగినోడు ఎవడు?

మరి చట్టం లేదా? ఉన్నది, పేరుకు. వియత్నాం యుద్ధంల అమెరికా మబ్బులల్ల మందు జల్లి, హోచిమిన్ బాట మీద వానలు పెంచాలని చూసింది. అది బయటపడ్డంక 1977ల వాతావరణాన్ని ఆయుధంగ వాడొద్దని ఒప్పందం రాసుకున్నరు. కానీ అది పగతోని చేసేదాన్నే ఆపుతది. "మీ మంచికే" అని చల్లెటోన్ని ఆపదు. 2010ల నగోయా జీవవైవిధ్య సదస్సు వద్దన్నది గానీ దానికి కట్టుబాటు లేదు, అమెరికా ఆ ఒప్పందంలనే లేదు.

2019ల నైరోబీల స్విట్జర్లాండ్ "కనీసం అధ్యయనం జేద్దాం" అన్నది. అమెరికా, సౌదీ అడ్డం దిరిగినయి. 2024ల మళ్ల అడిగింది. ఈసారి ఆఫ్రికా దేశాలు అసలు వాడుడే వద్దని పట్టువట్టినయి. రెండుసార్లు తీర్మానం ఎనుకకే పోయింది. అధ్యయనంతోని నష్టమేందని మొదట్ల నేను గూడ అనుకున్న. కానీ ఆఫ్రికా భయం ఉత్తది గాదు. అధ్యయనం పేరుతోనే ఆ పనికి ఒక గౌరవం వస్తది, పైసలు వస్తయి.

ఈ సందుల వ్యాపారం దిగనే దిగింది. 2022ల మేక్ సన్‌సెట్స్ అనే అమెరికా కంపెనీ, ఎవల్ని అడగకుండ మెక్సికోల బెలూన్లు ఇడిసింది. గ్రాము సల్ఫర్‌కు 10 డాలర్ల లెక్కన "చల్లదనం" అమ్మజూపింది. 2023 జనవరిల మెక్సికో ఇసొంటి ప్రయోగాలను నిషేధిస్తమని ప్రకటించింది.

స్వీడన్ కిరునాల ఇంకో కథ. హార్వర్డోళ్లు 2021ల అక్కడ బెలూన్ పరీక్షకు సిద్ధమైన్రు. మమ్ముల అడగలేదేందని రెయిన్‌డీర్లు కాసుకునే సామీ ప్రజల కౌన్సిల్ ఉత్తరం రాసింది. పరీక్ష ఆగింది. 2024ల ప్రాజెక్టే మూసుకున్నరు.