దీపం ఆర్పకుండా, ముఖం చెడకుండా
ఒమాన్‌లో మేము నేర్చిన వీడియో పాఠం

మన ఇళ్లలో రామభజనం జరిగే రాత్రి నడుమ దీపం ఉంటుంది. పాడేవారు, తాళం వేసేవారు దాని చుట్టూ తిరుగుతారు. వీడియో తీయడానికి ఎవరైనా వస్తే వారు మొదట చేసే పని రెండు పెద్ద విద్యుద్దీపాలు తెచ్చి గది మూలల్లో నిలబెట్టడం. గది పెళ్లిపందిరిలా వెలిగిపోతుంది, దీపం మాత్రం ఉన్నట్టే కనిపించదు. పెద్దవారు కళ్లు చికిలించుకుంటారు. పిల్లలు కెమెరా వైపు చూస్తారు. మరునాడు ఆ చిత్రం చూసి "ఇది మన భజనలా లేదే" అని అందరమూ అనుకుంటాము.

దీనికి మందు లేకపోలేదు. తక్కువ వెలుగులోనూ పనిచేసే, చేతితో ఫోకస్ తిప్పే, జూమ్ లేని లెన్సు ఆ మందు. దీనిని వాడుకలో ఫాస్ట్ ప్రైమ్ లెన్సు అంటారు. అయితే మోతాదు తెలియకపోతే ఈ మందు కూడా చేటు చేస్తుంది. ఆ సంగతి మేము ఒమాన్‌లో తెలుసుకున్నాము. అక్కడ నేర్చినది మన పాఠకులకు పనికివస్తుందని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మస్కట్‌లో ఒక గురువారం రాత్రి

ఒమాన్ చమురు ఎగుమతి 1967లో మొదలైంది. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కిన తరువాత రోడ్లు, ఆసుపత్రులు, బడులు, రేవులు వేగంగా లేచాయి. ఆ పనులకు కావలసిన చేతులు ఎక్కువగా భారతదేశం నుండి వచ్చాయి. గోదావరి జిల్లాల నుండి, కడప నుండి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి తెలుగువారు గల్ఫ్ దేశాలకు వెళ్లడం అప్పటి నుండి నేటి వరకు సాగుతూనే ఉంది. మన ముత్తాతలు కోరంగి రేవు వంటి చోట్ల ఓడలెక్కి చెరకు తోటలకు వచ్చినట్లే వీరూ ఒప్పంద పత్రం చేతబట్టుకొని సముద్రం దాటినవారు. అయితే మనవారు ఇక్కడే ఉండిపోయారు, వీరిలో ఎక్కువమంది తిరిగి వెళ్లిపోతారు.

ఒమాన్‌లో 2013 నుండి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. కూలిపనివారిలో చాలామందికి శుక్రవారం ఒక్కటే విరామం. అందుచేత గురువారం రాత్రి వారికి పండుగ. అటువంటి ఒక రాత్రి కొందరు తెలుగు సోదరులు తమ గదిలో భజన పెట్టుకొని మమ్మల్ని పిలిచారు. చిన్న గది, ఒక ట్యూబులైటు. నడుమ ఇత్తడి కుంది వెలిగించి లైటు ఆర్పేశారు. పాట ఎత్తుకున్నది కోనసీమ నుండి వచ్చిన ఒక పెద్దాయన. తాపీమేస్త్రీగా చాలా ఏళ్లు పనిచేసి, మరుసటి వారం శాశ్వతంగా ఇంటికి పోతున్నారు. "మా మనవరాలు చూత్తాదండి బాబూ, కాస్త బాగా తియ్యండి" అన్నారు.

మా వద్ద ఎఫ్ 1.4 రంధ్రం గల పాత 50 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నది. వెలుగు చాలదని దానిని పూర్తిగా తెరిచి తీశాము. కెమెరా వెనుక చిన్న తెరపై అంతా ముచ్చటగా కనిపించింది. ఇంటికి వచ్చి పెద్ద తెరపై చూస్తే ఆయన చెవి, వెనుక గోడమీది పూలదండ స్పష్టంగా ఉన్నాయి. కళ్లూ నోరూ మంచులో ఉన్నట్లు మసకబారి ఉన్నాయి. ఆయన ఊగుతూ పాడారు. మేము లెన్సు తిప్పకుండా కూర్చున్నాము. మళ్లీ తీయడానికి ఆయన అక్కడ లేరు.

వెలుగు లెక్క

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే రెండు లెక్కలు తెలియాలి. లెన్సుమీద ఎఫ్ పక్కన ఉండే అంకె, నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె. 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.4కు తెరిస్తే రంధ్రం సుమారు 36 మిల్లీమీటర్లు, ఎఫ్ 4కు మూస్తే 12.5 మిల్లీమీటర్లు. కనుక అంకె చిన్నదైన కొద్దీ కిటికీ పెద్దది. ఎఫ్ 4 వద్ద వచ్చే వెలుగుకు ఎఫ్ 1.4 వద్ద ఎనిమిది రెట్లు వస్తుంది. కెమెరాతో పాటు వచ్చే సాధారణ జూమ్ లెన్సులు ఎఫ్ 3.5 నుండి 5.6 వరకే తెరుచుకుంటాయి. ఎఫ్ 5.6తో పోలిస్తే 1.4 పదహారు రెట్లు. ఆ లెన్సుతో దీపం వెలుగులో తీయాలంటే కెమెరా గ్రహణశక్తిని, అనగా ఐ.ఎస్.ఓ.ను, విపరీతంగా పెంచాలి. అప్పుడు చిత్రమంతా ఇసుక చల్లినట్లు గరుకుదేలుతుంది.

ఇక రెండవ లెక్క. కిటికీ పెద్దదైన కొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రమంత సెన్సారు గల కెమెరాపై, రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషిని 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్ 1.4 వద్ద తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 13 సెంటీమీటర్లు. అంటే ముందుకు ఆరేడు, వెనుకకు ఆరేడు. భజనలో ఊగే మనిషి తల అంతకంటె ఎక్కువే కదులుతుంది. అదే లెన్సును ఎఫ్ 2.8కు మూస్తే లోతు సుమారు 27 సెంటీమీటర్లు అవుతుంది. 35 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్ 2 వద్ద తీస్తే దాదాపు 39 సెంటీమీటర్లు. మేము 1.4 ఇచ్చిన వెలుగును తీసుకున్నాము, అది అడిగిన మూల్యాన్ని లెక్కవేయలేదు. పెద్దాయన ముఖం చెడిపోవడానికి కారణం ఇదే.

ఇది ఘనులకు కూడా తప్పని చిక్కు. స్టాన్లీ కుబ్రిక్ తన బారీ లిండన్ (1975) చిత్రంలో కొన్ని దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులో తీయడానికి, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం జైస్ వారు తయారుచేసిన ఎఫ్ 0.7 లెన్సులను వాడారు. స్పష్టంగా ఉండే లోతు ఎంతో స్వల్పం కనుక నటులు కదలికలు తగ్గించుకోవలసి వచ్చింది. మన మాయాబజార్ (1957)లో మార్కస్ బార్ట్‌లే గారు స్టూడియో దీపాలతోనే వెన్నెల కురిపించారు. మనకు స్టూడియో లేదు. భజన చేసేవారిని కదలవద్దని చెప్పనూలేము. కనుక లెన్సును తిప్పే చెయ్యే నేర్చుకోవాలి.

చేతితో తిప్పడం దేనికి?

నేటి కెమెరాలు కన్ను ఎక్కడుందో తామే గుర్తించి ఫోకస్ చేస్తాయి, అది నిజమే. అయినా ఒక్క వత్తి వెలుగులో, సాంబ్రాణి పొగలో, తాళాలు పట్టిన చేతులు అడ్డుపడుతుంటే అవి తడబడి ముందుకూ వెనుకకూ వెతుకుతాయి. ఆ వెతుకులాట అంతా వీడియోలో కనిపిస్తుంది. ఫొటోలో అయితే ఒక చెడ్డదాన్ని పారవేసి మరొకటి ఉంచుకుంటాము. పాట నడుమ అలా కుదరదు.

పాత చేతి లెన్సు రింగు లోపలి మరలతో నేరుగా ముడిపడి ఉంటుంది. ఇంత తిప్పితే ఇంత దూరం, ఎప్పుడూ అంతే. ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటి రింగు మోటారుకు సంకేతం మాత్రమే పంపుతుంది. వేగంగా తిప్పితే ఒక ఫలితం, నెమ్మదిగా తిప్పితే మరొకటి. అందుచేత చేతికి అలవాటు పట్టదు.

కెనాన్ ఎఫ్.డి., నికాన్, పెంటాక్స్ టకుమార్, రష్యా హీలియోస్ వంటి పాత లెన్సులు ఈ పనికి పేరుపడినవి. అద్దం లేని కొత్త కెమెరాలపై ఇవి సులభంగా అమరుతాయి. లెన్సు బిగించే చోటు నుండి సెన్సారు వరకు ఉండే దూరం నికాన్ పాత పద్ధతిలో 46.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఎఫ్.డి.లో 42. సోనీ కొత్త కెమెరాల్లో అది 18 మాత్రమే. మిగిలిన ఖాళీని నింపడానికి గాజు లేని లోహపు గొట్టం చాలు. కెనాన్ ఇ.ఎఫ్. కెమెరాల్లో ఆ దూరం 44 కనుక ఎఫ్.డి. లెన్సు వాటిపై దూరపు వస్తువులను స్పష్టంగా చూపలేదు. కొనేముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఒమాన్ ఎండ, మన ద్వీపపు తేమ

వీడియోకు సెకనుకు 25 చట్రాలు, షట్టరు సెకనులో 50వ వంతు మంచిది. ఒమాన్‌లోనూ మారిషస్‌లోనూ విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులే కనుక ఈ లెక్కన తీస్తే ట్యూబులైటు వెలుగు మిణుకుమిణుకుమనదు. పగలు వేరే చిక్కు వస్తుంది. మస్కట్ మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐ.ఎస్.ఓ. 100 వద్ద ఈ షట్టరుకు ఎఫ్ 22 కావాలి. ఎఫ్ 2తో తీయాలంటే వెలుగును 128వ వంతుకు తగ్గించే నల్లని వడపోత గాజు లెన్సు ముందు పెట్టాలి. రాత్రి దానిని తప్పక తీసివేయాలి. మామూలు రక్షణ గాజు ఉన్నా తీసివేయాలి, ఎందుకంటే దీపం దానిలో ప్రతిఫలించి చిత్రంలో దొంగదీపం ఒకటి వెలుగుతుంది.

సన్నని ఇసుక లెన్సు మరల్లో చేరితే రింగు కరకరలాడుతుంది. వేడికి పాత గ్రీజు కరిగి రంధ్రపు రేకులకు అంటుకుంటుంది. చల్లని కారులో నుండి తీరప్రాంతపు ఉక్కలోకి దిగగానే గాజు చెమర్చుతుంది, అది ఆరేవరకు ఆగాలి. మన ద్వీపంలో శత్రువు ఇసుక కాదు, బూజు. వాడని లెన్సును తేమ పీల్చే సిలికా పొట్లాలతో మూత గట్టి డబ్బాలో ఉంచాలి. పాతది కొనేటప్పుడు వెలుగుకు ఎదురుగా పట్టి సాలెగూటి వంటి గీతలున్నాయేమో చూడాలి.

మేము ఇప్పుడు చేసే పద్ధతి

అనుభవం నేర్పిన పద్ధతి ఇది. వెలుగు చాలకపోతే దీపానికి మరి రెండు వత్తులు వేయించి, లెన్సును ఎఫ్ 2 లేదా 2.8కు మూస్తాము, మిగిలిన లోటు ఐ.ఎస్.ఓ.తో పూడుస్తాము. చిత్రం కాస్త గరుకుగా ఉన్నా సరే, కళ్లు కనిపించాలి. చిన్న గదిలో 50 కంటె 35 మిల్లీమీటర్ల లెన్సు మేలు. భజన మొదలు కాకముందే పాడే పెద్దవారి కంటిపై చిత్రాన్ని పెద్దది చేసి ఫోకస్ పెడతాము. ఆయన ముందుకు వంగినప్పుడు ఎంత, వెనుకకు వాలినప్పుడు ఎంత అని రింగుమీద అతికించిన తెల్లని పట్టీపై రెండు గీతలు గీస్తాము. తరువాత చెయ్యి ఆ రెండు గీతల నడుమ పాటతో పాటు కదులుతుంది. రంగును కెమెరా ఇష్టానికి వదలక 3200 కెల్విన్ వద్ద నిలుపుతాము, దీపం బంగారు వన్నెతో ఉంటుంది. అన్నిటికంటె ముందు గదిలోని వారి అనుమతి అడుగుతాము. ఒమాన్‌లో స్త్రీలను, సైనిక, ప్రభుత్వ స్థలాలను అడగకుండా తీయరాదు. మన ఇళ్లలోనూ అడగడం మర్యాదే.

ఒమాన్ పల్లెల్లో ఫలజ్ అనే కాలువల నీటిని తరతరాలుగా వంతులు వేసి పంచుకుంటారు. పగలు నీడగడియారం చూసి, రాత్రి నక్షత్రాల ఉదయాస్తమయాలు చూసి వంతులు నిర్ణయించేవారు. ఇప్పుడు చాలాచోట్ల చేతిగడియారం ఆ పని చేస్తుంది. వీధిదీపాలు వచ్చిన ఊళ్లలో నక్షత్రాలు సరిగా కనిపించవు. ఆ కాలువలు, మన ఆప్రవాసీ ఘాట్ ఒకే ఏట, 2006లో, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వెలుగు ఎక్కువైనప్పుడు చూడవలసినదే మాయమవుతుందని అక్కడి చీకటి మాకు నేర్పింది.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో మన పూర్వులు దిగినప్పటి పత్రాలు, 19వ శతాబ్దపు ఛాయాచిత్రాలు భద్రంగా ఉన్నాయి. ఆ ముఖాలు స్పష్టంగా చూడగలము. వారు ఏ పాట పాడుకున్నారో వినలేము. కోనసీమ పెద్దాయన విషయంలో మేము దానికి తలక్రిందులు చేశాము. పాట నిలిచింది, ముఖం పోయింది. ఆ పాటనే వారింటికి పంపాము. మనవరాలు విని తాతగారి గొంతు గుర్తుపట్టిందని కబురు వచ్చింది. "బొమ్మ ఎందుకు సరిగా లేదు?" అని కూడా అడిగిందట.

మన ఇళ్లలో పాత పాటలు తెలిసిన పెద్దలు ఇంకా కొందరున్నారు. ఈ ఏడు ఉగాదికో, అమ్మోరు పండుగకో వారిని కూర్చోబెట్టి తీయండి. పెద్ద దీపాలు తేవద్దు, కుందిలో మరొక వత్తి వేయండి. రింగుమీద రెండు గీతలు గీసుకోవడం మాత్రం మరువకండి.