ఏ డైట్ మనకు పడుతుంది?

బరువు తగ్గడానికి మన ఇళ్లల్లోకి ఎన్ని పద్ధతులు వచ్చాయో! మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే మానమన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం పక్కనపెట్టి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమన్నారు. ఖాదర్ వలీ గారు కొర్రలు, సామలు, ఊదలు తినమన్నారు. ఒకరు వద్దన్న నూనెనే ఇంకొకరు తాగమన్నారు. అయినా ఈ మూడింటితోనూ బరువు తగ్గినవాళ్లున్నారు. అదెలా?

పేర్లు వేరైనా జరిగే పని ఒకటే. రోజు మొత్తం మీద మనం తినేది తగ్గుతుంది. అన్నం మానేస్తే దాంతోపాటు వేపుడూ, మారు వడ్డనా పోతాయి. నూనె మానేస్తే సాయంత్రం బజ్జీ పోతుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి ఏడాదిపాటు గమనించారు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు తగ్గారు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు. పట్టించుకోవాల్సినంత తేడా కాదది. కానీ ఏ జట్టులో చూసినా కొందరు బాగా తగ్గారు, కొందరు ఇంకా పెరిగారు. కాబట్టి ఏ డైట్ గొప్పదని వెతికేకన్నా, మన వంటింట్లో ఏడాది తర్వాత కూడా నిలిచేది ఏదో చూసుకోవాలి.

ఆ లెక్కన విజయనగరం, శ్రీకాకుళం వైపు చోడి (రాగి) అంబలి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. అయితే చోళ్లలో కేలరీలు బాగా తక్కువన్న అపోహ వదులుకోవాలి. 100 గ్రాముల చోళ్లలో సుమారు 320 కేలరీలుంటాయి, తెల్లబియ్యంలో సుమారు 355. పెద్ద తేడా లేదు. పీచు మాత్రం చోళ్లలో 11 గ్రాములు, బియ్యంలో 3 లోపే. అందుకే అంబలి తాగితే కడుపు నిండినట్టుంటుంది. పొద్దున్న అంబలి తాగి, పైన నాలుగు ఇడ్లీలు కూడా తింటే చోళ్లేం చేస్తాయి?

నూనె లెక్క ఇంకా సులువు. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు అయిపోతే మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. దాన్ని 3 లీటర్లకు తెస్తే మనిషికి రోజూ 130 కేలరీల పైనే మిగులుతాయి. ఎవరి కంచంలోంచీ ఏదీ తీయకుండానే! నేనైతే ముందు ఇక్కడే మొదలుపెట్టమంటాను.

ఇక వ్యాయామం. 70 కిలోల మనిషి గంటసేపు కాస్త చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 250 కేలరీలు. విజయనగరం అయోధ్య మైదానంలో నడిచి, వస్తూ దారిలో పూరీ తింటే ఆ లెక్క అక్కడికక్కడే సరి. అలాగని నడక వృథా అనుకోవద్దు. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా కాచేది అదే, షుగర్ అదుపులో ఉండటానికీ అదే సాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటోంది. ఈ రెండోది మనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, వదిలేస్తారు. తిండి తగ్గించి ఊరుకుంటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. ఆమదాలవలస కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ పతకం తెచ్చింది బరువులెత్తే. విజయనగరం పక్కన కొండవెలగాడ ఆడపిల్లలు ఇప్పటికీ ఎత్తుతున్నారు. మనకు అంత బరువులక్కర్లేదు. కుర్చీలోంచి చేతులానించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం చాలు మొదట్లో.

ఫలితం చూసుకోవడానికి వారానికొకసారి తూకం, నెలకొకసారి నడుము టేపు చాలు. మన శరీరాలకు నడుము మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే జాగ్రత్తపడాలి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడకుండా అన్నం ఒక్కసారిగా మానెయ్యకూడదు. మందు డోసు అలాగే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఇంకొకటి, ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. అందరూ తిన్నాక చివర కూర్చునే ఇల్లాలు గిన్నెలో మిగిలింది పారెయ్యలేక తినేస్తుంది. ఆవిడ బరువు తగ్గాలంటే ఆవిడకు డైట్ చార్టు ఇవ్వడం కన్నా, రాత్రికి ఒక గిద్దెడు బియ్యం తక్కువ వండటం, ఆవిడ కంచం కూడా అందరితోపాటే పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది.