నురుగు చేయు నీటిశుద్ధి
సముద్రపు చేపల తొట్టికి ఇంటిలో చేసికొనదగిన సాధనము

కందిపప్పు ఉడుకునపుడు ఎసరుపై తేలు తెట్టును గరిటెతో తీసి పారవేయని గృహిణి తెలుగునాట అరుదు. పంచదార పాకములో రెండు చెంచాల పాలు పోసి, మురికి నురుగై పైకి రాగానే తొలగించుట మిఠాయి చేయువారందఱికిని తెలిసిన పని. బెల్లము వండుచోట చెఱకురసముపై తేలు మడ్డిని తీయుటయు అట్టిదే. సముద్రపు చేపలను ఇంట పెంచువారు వాడు 'ప్రోటీన్ స్కిమ్మర్' అను సాధనము ఈ గరిటెకు దాయాది యని చెప్పవచ్చును. భేద మొక్కటే. వంటయింట నిప్పు చేయు పనిని ఇచట గాలి చేయును.

పెనుగొలను అను పేరులోనే పెద్ద కొలనున్నది. పెను, కొలను అను మాటలు రెండును కలిసి, కకారము గకారమైనది. కాని తిరువూరు ప్రాంతపు ఈ యూరికి సముద్రము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్నది. ఇట్టిచోట ఉప్పునీటి తొట్టి పెట్టుకొనుట యేమి వేడుక యని మమ్ము నవ్వుచు అడిగినవారు కలరు. వారి ప్రశ్న న్యాయమైనదే. 1909లో మదరాసు మెరీనా యొడ్డున జలజంతుప్రదర్శనశాల వెలసినను, 1951లో బొంబాయి మెరైన్ డ్రైవున తారాపూర్‌వాలా ప్రదర్శనశాల తెఱచినను, రెండింటికిని సముద్రము వాకిటనే ఉండెను. నీరు చెడినచో మార్చుకొనుటకు వారికి వెదుకులాట లేకుండెను. మెట్టప్రాంతమున ఉన్నవారికి ప్రతి బిందెడు ఉప్పునీరును కొని తెచ్చుకొన్న సొమ్మే. కనుక ఉన్న నీటినే ఎక్కువకాలము నిర్మలముగా నిలుపుకొను ఉపాయము మనకు ఒడ్డువారికంటె ఎక్కువ అవసరము.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. నూరు లీటర్ల తొట్టికి మూడున్నర కిలోలు కావలెను. అంగటి ఉప్పు కలిపిన చాలదా యని కొందఱి సందేహము. చాలదు. ఉప్పుమళ్లలో సోడియము క్లోరైడు ముందుగా గడ్డకట్టును. మెగ్నీషియము మొదలైనవి మిగులు చేదునీటిలో నిలిచిపోవును. కావున మన ఉప్పు సముద్రములోని ఒక భాగమే గాని సముద్రము కాదు. చేపల తొట్లకై ప్రత్యేకముగా కూర్చిన లవణమిశ్రమమును వాడవలెను. తీరమునుండి నీరు తెచ్చుకొనువారు వానకాలమున జాగ్రత్త వహింపవలెను. కృష్ణా గోదావరుల వఱదలు కలిసినపుడు ఒడ్డునీటి ఉప్పదనము తగ్గిపోవును. హైడ్రోమీటరు 1.025 దరిదాపులలో చూపినపుడే అది పనికివచ్చు నీరు.

ఇక మురికి సంగతి. చేప తినగా మిగిలిన మేత, దాని మలము, శరీరముపైని జిగురు, చచ్చిన నాచు ఇవన్నియు నీటిలో కరగును. కరగిన మాంసకృత్తులను సూక్ష్మజీవులు విఱిచి అమ్మోనియాగా మార్చును. ఆ అమ్మోనియా చేపకు విషము. వేఱు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మార్చును. స్కిమ్మరు గొప్పతన మేమనగా, ఈ విఱుగుడు ప్రారంభము కాకముందే మురికిలో కొంతభాగమును తొట్టినుండి వెలికి తీసివేయును. వడపోత గుడ్డ మురికిని పట్టియుంచును గాని, అది నీటిలోనే ఉండి కుళ్లును. నురుగు పట్టిన మురికి నీటినుండి విడివడి గిన్నెలో పడును.

నురుగునకు ఈ శక్తి యెక్కడిది? మాంసకృత్తులవంటి అణువులలో ఒక భాగము నీటిని కోరును, మఱియొక భాగము నీటిని తప్పించుకొనజూచును. అట్టి అణువునకు గాలియు నీరును కలియు సరిహద్దే అనువైన తావు. అచట ఒక కొన నీటిలోను, రెండవ కొన గాలిలోను ఉంచి నిలుచును. కుంకుడురసము నురుగు కట్టుటకును ఇదియే కారణము. నీటిలోనికి లక్షలకొలది సన్నని బుడగలను పంపినచో అట్టి సరిహద్దు విశేషముగా పెరుగును. ఒక పెద్ద బుడగను అందులో పదవవంతు వ్యాసముగల చిన్న బుడగలుగా పగులగొట్టినచో, గాలి అంతియే యైనను, ఉపరితలము పదిరెట్లగును. తుపాను తరువాత మచిలీపట్నపు ఒడ్డున అలలు కట్టు పసుపువన్నె నురుగు ప్రకృతి చేయు స్కిమ్మింగే. (ఆయుర్వేదపు కొట్లలో సముద్రపు నురుగు అని అమ్మునది దీనికి చెందినది కాదు, అది కటిల్ చేప యను జంతువు లోపలి పెంకు.) ఇంద్రుడు నముచిని నీటి నురుగుతో వధించెనను పురాణగాథను విని చిన్ననాడు మేము నవ్వుకొంటిమి. నురుగును తక్కువగా చూడరాదని తొట్టి పెట్టిన పిదప తెలిసినది.

సాధనమును జర్మనీలో 1960 దశకమునుండి గృహస్థుల తొట్లకు వాడుచున్నారు. గాలిపంపుతో నడచు ఆ పాత పద్ధతియే ఇంట చేసికొనుటకు సులభము. మూడంగుళముల పి.వి.సి. గొట్టమును తొట్టి లోతునకు సరిపడ కోసి, అడుగున మూత బిగింపవలెను. తొట్టినీటి మట్టమునకు రెండంగుళములు దిగువగా గొట్టము చుట్టును రంధ్రములు వేయవలెను. నీరు లోనికి వచ్చు దారి యిది. అడుగున ప్రక్కగా ఒక రంధ్రము వేసి, అరంగుళపు సన్నని గొట్టమును వంపుతో అతికి, పెద్దగొట్టము ప్రక్కనే నీటిమట్టమునకు పైకి తెచ్చి తొట్టిలోనికి వంచవలెను. ఈ సన్నగొట్టము అడుగుభాగమున గాలి వదలినచో, గాలితోపాటు నీరు పైకెక్కి తొట్టిలో పడును. అంత నీరు పైరంధ్రములనుండి పెద్దగొట్టములోనికి దిగును. పెద్దగొట్టము అడుగున ఉంచిన చెక్కబిళ్లనుండి సన్నని బుడగలు పైకి లేచును. నీరు దిగుచుండ, బుడగలు ఎక్కుచుండును. రెండును ఎదురెదురుగా నడచుటచేత బుడగ నీటిలో ఎక్కువసేపు నిలిచి, ఎక్కువ మురికిని పట్టుకొనును. కొన్ని బుడగలు రంధ్రములగుండ తప్పించుకొనును. దానివలన బాధ లేదు.

గొట్టము పైకొనకు రెడ్యూసరు తగిలించి ఒకటిన్నర అంగుళపు మెడను నిలుపవలెను. మెడ పారదర్శకముగా ఉన్నచో నురుగు నడక కనబడును. వెడల్పు మూతిగల ప్లాస్టిక్ సీసా అడుగున రంధ్రము చేసి, మెడకొన సీసాలోనికి రెండంగుళములు చొచ్చునట్లు దూర్చి, సందును సిలికాన్‌తో మూసివేయవలెను. మెడ దాటిన నురుగు సీసాలో పడి నీరగును. సీసా మూతకు గాలి పోవుటకు చిన్న బెజ్జములుండవలెను. బూజుమందు కలిసిన సిలికాను వాడరాదు. అతికిన తరువాత రెండు దినములు ఆరనిచ్చి, మంచినీట నానవేయవలెను. ఇత్తడి, రాగి మేకులు ఎచ్చటను ఉండరాదు. రాగి రొయ్యలకును శంఖజాతులకును ప్రాణాంతకము.

చెక్కబిళ్లయే ఈ సాధనమునకు ప్రాణము. విదేశములలో లిండెన్ చెక్కను వాడుదురు. ఇచట నూనెగాని రంగుగాని ఊరని తేలికచెక్కతో ప్రయత్నింపవచ్చును, టేకు పనికిరాదు. గాలి చెక్కనార వెంబడి సాగి కొననుండి వెలువడునట్లు బిళ్లను కోయవలెను. కొన్ని వారములకు అది పూడిపోవును, అప్పుడు మార్చివేయవలెను.

మా మొదటి సాధనమును తొట్టిలో దించుటకు ముందు బిందెడు మంచినీటిలో పరీక్షించితిమి. లావుపాటి బుడగలు లేచి పగిలిపోయినవి, నురుగు జాడయే లేదు. చెక్కను మార్చితిమి, పంపును మార్చితిమి, ఫలము లేదు. విసిగి ఉప్పునీటిలో దించగా అదే చెక్కనుండి పాలవలె తెల్లని సన్నబుడగలు నిండినవి. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో నొకటి కలిసి పెద్దవి కాజాలవు. మంచినీటి చేపల తొట్టికి ఈ సాధనము పనికిరాకుండుటకు ఒక ముఖ్యకారణ మిదియే. ఈ సంగతి ముందే యెఱిగియున్నచో మాకు వారము రోజుల శ్రమ తప్పియుండును.

నీటిలో దించిన మఱునాడే నురుగు రాకపోయినచో నిరాశ చెందరాదు. క్రొత్త ప్లాస్టిక్‌కు అంటిన జిడ్డు పోవుటకు కొన్ని దినములు పట్టును. తలకు కొబ్బరినూనె రాచుకొన్న చేతిని తొట్టిలో పెట్టినచో, పొంగుచున్న నురుగు సైతము అణగిపోయి గంటలకొలది లేవదు. మా యింట ఇది పలుమాఱులు జరిగినది. సాధనమును కొంచెము పైకెత్తినచో నురుగు పొడిగా, చిక్కగా, తక్కువగా వచ్చును. క్రిందికి దించినచో పలుచగా, ఎక్కువగా వచ్చును. సీసాలో కషాయమువంటి దుర్గంధపు నీరు చేరినచో సరియైన మట్టము కుదిరినదని అర్థము. మెడలోపలి జిడ్డును రెండుమూడు దినములకొకసారి తుడువవలెను, లేనిచో నురుగు ఎక్కదు.

గాలిపంపును నీటిమట్టముకంటె ఎత్తున ఉంచుట మఱువరాదు. కరెంటు పోయినపుడు నీరు రబ్బరుగొట్టము వెంట వెనుకకు పాకి పంపులోనికి దిగును. వేసవిలో అంతకుమించిన అపాయము కలదు. 30 డిగ్రీల వేడిమిలో లీటరు మంచినీరు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగా, సముద్రపు నీరు ఆరుకు కొంచెము పైగా మాత్రమే పట్టుకొనును. బుడగలు మురికిని తీయుటయే గాక ఊపిరియు నిచ్చుచుండును. ఒక వైశాఖపు రాత్రి కరెంటు పోయి తెల్లవాఱువఱకు రాలేదు. ఉదయమునకు మా తొట్టిలోని నాలుగు చేపలలో రెండు మిగిలినవి. నాటినుండి బ్యాటరీతో నడచు చిన్నపంపును ప్రక్కన ఉంచుకొనుచున్నాము. స్కిమ్మరుకంటె ముందు కొనవలసినది అదియే యని మా అభిప్రాయము.

ఈ సాధనమునకు లేని మహిమలను అంటగట్టుట తగదు. ఇదివఱకే పుట్టిన అమ్మోనియాను, నైట్రేటును ఇది తీయజాలదు. అమెరికాలో ఫెల్డ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 2009 ప్రాంతమున పలు స్కిమ్మర్లను కొలిచి చూడగా, ఖరీదైనవి సైతము నీటిలోని సేంద్రియ కర్బనములో నూటికి 20 మొదలు 30 వంతులే తీయుచున్నట్లు తేలినది. కాబట్టి నీటిమార్పు తగ్గునుగాని తప్పదు. ఎండకు ఆవిరియైన నీటికి బదులు మంచినీటినే పోయవలెను. ఉప్పు ఆవిరి కాదుగదా. బోరునీరు మా ప్రాంతమున కఠినము కనుక శుద్ధిచేసిన డబ్బానీరు మేలు.

తొట్టిలో వేయదగని జీవములు కొన్ని కలవు. సముద్రపు గుఱ్ఱములను, రాతిపగడములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చినారు. వానిని ఎవరు అమ్మజూపినను కొనరాదు. కొచ్చిలో కేంద్రము గల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పెంచు పద్ధతిని రూపొందించినది. అట్లు పుట్టిన పిల్లలు తొట్టిబ్రదుకునకు అలవాటు పడియుండును, మొదటిసారి పెంచువారికి అవియే తగును.

సీసాలో చేరిన నీటిని ప్రతిదినము పారబోయవలెను. ఎరువువంటి మురికియే గదా యని తులసికోటలోనో, బీరపాదులోనో పోయరాదు. అందులోని ఉప్పు మొక్కను ఎండగొట్టును.