బడిలో పిల్లవాడి గొంతు

ప్రాథమిక పాఠశాల అనగానే మనకు మొదట జ్ఞాపకం వచ్చేది ఎక్కాల మోత. ఒకరు చెప్పడం, అందరూ అనడం. అంత మోతలోనూ ఒక్కొక్క పిల్లవాడి గొంతు మాత్రం విడిగా వినపడదు. ఎందుకు వినపడదు, వినపడాలంటే ఏం చెయ్యాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

నేను అయిదో తరగతి దాకా తడ దగ్గర ఒక ఊరిబడిలో చదివాను. ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క తమిళనాడు సరిహద్దు. రైతుల పిల్లలం, చేపలు పట్టేవాళ్ళ పిల్లలు కలిసి కూర్చునేవాళ్ళం. కొందరి ఇళ్ళలో తెలుగు, కొందరి ఇళ్ళలో తమిళం.

ఒకనాడు మా సారు "పులికాట్ నీళ్ళు ఉప్పగా ఎందుకుంటాయిరా?" అని అడిగారు. ముందు వరుసవాళ్ళం "సముద్రం కలిసింది గనుక సార్" అని అరిచాం. మామూలుగా అయితే పాఠం ముందుకు పోయేదే. ఆ రోజు ఎవరో పిలిస్తే సారు గుమ్మం దాకా వెళ్ళి వచ్చారు. ఈలోగా వెనక వరుసలోని ఒక జాలరి పిల్లవాడు మెల్లగా లేచి నిలబడ్డాడు. "ఎప్పుడూ ఒకే ఉప్పు కాదు సార్. వానలకు చప్పబడతాయి, ఎండాకాలం బాగా ఉప్పెక్కుతాయి" అన్నాడు.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఈశాన్య రుతుపవనాల కాలంలో కాళంగి, ఆరణి వంటి నదుల మంచినీరు చేరి ఉప్పు పలచబడుతుంది. వేసవిలో నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. నేను దీన్ని 'లవణీయత' అని కాలేజీలో చదువుకున్నాను. వాడికి పదేళ్ళకే తెలుసు. ఇంట్లో తమిళం కాబట్టి జవాబును తెలుగులో పేర్చుకోవడానికి కాస్త వ్యవధి కావలసి వచ్చింది, అంతే.

ఈ వ్యవధిని కొలిచినవారున్నారు. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త 1970ల నాటి తన పరిశోధనల్లో, ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు ఆగేది సుమారు ఒక్క సెకను మాత్రమేనని చూపారు. అదే 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, మాట్లాడనివారు మాట్లాడతారు, పిల్లలే తిరిగి ప్రశ్నలు వేస్తారు. జవాబు విన్న తర్వాత కూడా అలాగే ఆగాలట.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో పిల్లలను కొట్టకూడదన్నది. 29వ సెక్షన్‌లో వాళ్ళు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలనీ, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలనీ అన్నది. కానీ భయం పోయినంత మాత్రాన గొంతు రాదు, వ్యవధి కూడా ఇవ్వాలి.

"సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?" అంటారేమో. అది న్యాయమైన ప్రశ్నే. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చూసుకునే బడిలో తొందర తప్పదు. అయితే లెక్క వేసి చూడండి. పీరియడ్‌లో 30 ప్రశ్నలనుకుంటే, ఒక్కోదానికి 2 సెకన్లు అదనం. మొత్తం ఒక్క నిమిషం!

మా చేలో చివరి మడి తడవకముందే మడవ మారిస్తే మా నాయన ఊరుకోడు. తరగతి గదిలో మాత్రం మనం రోజూ చేసేది అదే. మనలో చాలామంది రేపు బి.యిడి. చేసి బడికి వెళ్ళేవాళ్ళమే. మిత్రులారా, ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టండి. వెనక వరుస కేసి చూస్తూ లెక్కపెట్టండి.