నాయన చీటీలు మింగిన బండి తలుపు

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే, మా టాటా 207 పికప్‌ని అమ్మేద్దామన్నాడు నాయన. మా టమాటాల్ని 18 ఏళ్లుగా మదనపల్లె మార్కెట్‌కి మోసిన బండి అది. ఇంజిన్ ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మరి ఎందుకంటే, డ్రైవర్ వైపు తలుపు తీసి చూపించాడు. లోపలి ప్యానెల్ నానిన అప్పడంలా ఉబ్బిపోయి, రెక్సిన్ ఊడి వేలాడుతోంది. చూడ్డానికొచ్చిన బ్రోకర్ ఆ ఒక్క తలుపు చూపించే 20 వేలు తగ్గించాడట.

ఇప్పుడందరూ మాట్లాడుకుంటున్న సియెరా ఉంది కదా, 1991లో వచ్చిన మొదటి సియెరా పుట్టింది ఈ వంశం పికప్ మీదే. అలాంటి బండికి ఇదా గతి! నేను బెంగళూరులో కోడ్ రాసుకునేవాణ్ని. ఇంజినీరింగ్ ఫస్టియర్ వర్క్‌షాప్ తర్వాత రంపం ముట్టలేదు. అయినా "నెల రోజులు టైమియ్యి నాయనా" అనేశా.

సీట్ కవర్ల షాపులో అడిగితే, పాత అట్ట మీదే కొత్త రెక్సిన్ అంటించి గంటలో ఇచ్చేస్తామన్నారు. ఎర్రర్ మెసేజ్ దాచేస్తే బగ్ పోదని మా ఆఫీసులో ఎవర్నడిగినా చెబుతారు. అసలు అట్ట ఎందుకు నానింది?

విప్పడం మొదలెట్టాం. ఆర్మ్‌రెస్ట్‌కి రెండు స్క్రూలు, అంతే. అద్దం దించే హ్యాండిల్‌కి మాత్రం స్క్రూనే కనపడలేదు. నాయన పాత పంచె పీలిక ఒకటి తెచ్చి, హ్యాండిల్ వెనక దూర్చి అటూ ఇటూ లాగాడు. టక్కుమని చిన్న క్లిప్ ఎగిరి గడ్డివాములో పడింది. దాన్ని వెతకడానికి అరగంట! మీరు చేస్తే చెయ్యి అడ్డం పెట్టుకోండి. ప్యానెల్‌ని మధ్యలో పట్టుకుని లాగొద్దు, అట్ట చిరిగిపోతుంది. ఒక్కో క్లిప్పు పక్కనే పలచటి పట్టీ దూర్చి లేపాలి.

తలుపులోకి వాన నీళ్లు దిగడం తప్పేమీ కాదు. అద్దం వెంట జారిన నీళ్లు అడుగునున్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోయేలానే దాన్ని తయారు చేస్తారు. అట్ట తడవకుండా మధ్యలో ఓ ప్లాస్టిక్ షీట్ ఉంటుంది. మాది పేలికలైపోయింది. రంధ్రాలు పూడిపోయాయి. స్క్రూడ్రైవర్‌తో గెలికితే ముద్దలు ముద్దలుగా కాగితాలు.

మండీ చీటీలు!

లెక్క చీటీని అద్దం పక్క సందులో గుచ్చుకోవడం నాయనకి అలవాటు. అద్దం దించినప్పుడల్లా ఒకటో రెండో లోపలికి జారిపోయాయన్న మాట. అన్నీ బురదే. ఒక్కదాని మీద మాత్రం రాత కనిపించింది, బాక్సు 40 రూపాయలని. నాయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఈ ఏడే కదరా నీ కాలేజీ ఫీజుకి మీ అమ్మ గొలుసు పెట్టింది."

ఆ సంగతి నాకు తెలీదు. ఏం మాట్లాడాలో తెలీక తలుపు అడుగున తుప్పు గీకడం మొదలుపెట్టా.

తుప్పు పోయాక రెడాక్సైడ్ రెండు కోట్లు వేశాం. పాత అట్టని అచ్చుగా పెట్టి 3 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మీద గీసి, కోసి, క్లిప్పులకి రంధ్రాలు వేశాం. నీళ్లు పీల్చేది అంచులే కాబట్టి వార్నిష్ అక్కడ దండిగా పట్టించాం. రబ్బర్ గమ్ము ప్లైకీ రెక్సిన్‌కీ రెండిటికీ పూసి, వేలికి అంటనంతగా ఆరాకే అతికించాలి. తొందరపడి ఒకసారి ముడతలొస్తే మొత్తం పీకి మళ్లీ చేశా. మందం పాలిథిన్ షీట్ అంటించినప్పుడు దాని కింది అంచు తలుపు లోపలికే మడవాలి. బయట వదిలేస్తే నీళ్లన్నీ మళ్లీ ప్యానెల్ మీదికే. అన్నీ కలిపి 2,600 అయింది, నా నాలుగు వారాంతాలు కాక.

ప్యానెల్ బిగించాక నాయన ఓ బిందెడు నీళ్లు తెచ్చి అద్దం మీద కుమ్మరించాడు. వంగి చూశాం. తలుపు కింద మూడు ధారలు. లోపల రెక్సిన్ పొడిగా ఉంది.

చీటీల కోసం ప్యానెల్‌కి ఓ జేబు కూడా కుట్టించా. నాయన అందులో వక్కాకు పొట్లం పెట్టుకున్నాడు. అమ్మే మాట ఎత్తితే "ఈ కాపు పోనీ, చూద్దాం" అంటున్నాడు. ఎడమ తలుపు ఇంకా విప్పలేదు.