తులాభారం చెప్పని లెక్క

తిరుమలలో తులాభారం చూడని తిరుపతివాడు ఉండడు. ఒక తట్టలో మనిషి, రెండో తట్టలో బెల్లమో, పంచదారో, నాణేలో. మొక్కూ తీరుతుంది, బరువూ తెలుస్తుంది. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అని అడిగితే మాత్రం త్రాసు పలకదు.

మా కాలేజీ లెక్కల మేష్టారు సన్నని మనిషి. "నాకు కొవ్వేమిటండీ, గాలికి ఎగిరిపోతాను" అనేవారు. నిరుడు ఆయనకు చక్కెర వ్యాధి బయటపడింది. అప్పటినుంచీ ఈ సంగతి నా బుర్రను తొలుస్తూనే ఉంది.

కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించే సూత్రం బెల్జియం పండితుడు క్వెటెలే 19వ శతాబ్దంలో చెప్పినది. 1972లో దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అని కొత్త పేరు వచ్చింది. ఊరి మొత్తానికి లెక్క కట్టడానికి బాగానే ఉంటుంది. ఒక్క మనిషి దగ్గర తడబడుతుంది. 2004లో లాన్సెట్ పత్రికలో పూనా డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ తమ ఒంటి లెక్కలే అచ్చువేసుకున్నారు. ఇద్దరి ఇండెక్సూ 22.3. కొవ్వు మాత్రం దొరగారికి 9.1 శాతం, మనవాడికి 21.2!

ఈ తేడాను పట్టింది డెక్సా యంత్రం. రెండు శక్తుల ఎక్స్‌రేలతో ఎముకను, కండను, కొవ్వును వేరు చేస్తుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో పల్లెవాసుల అధ్యయనానికి దీన్నే వాడారు. అందరికీ అందేది కాదు. నీట ముంచి తూచే పద్ధతి పాతది. నెయ్యి నీటిపై తేలుతుందన్న వంటింటి సత్యమే దానికి ఆధారం. చర్మాన్ని మడిచి పట్టుకారుతో కొలిచేది చౌక, కాని కొలిచే చెయ్యి తిరిగినదై ఉండాలి. పైగా పేగుల చుట్టూ దాగిన కొవ్వు దానికి అందదు. పాదాలలోంచి సన్నని కరెంటు పంపే ఇంటి త్రాసులున్నాయే, వాటి శాతాలను నేను నమ్మను. ఒంట్లో నీరు తగ్గినా పెరిగినా అంకె మారుతుంది.

నా ఓటు దర్జీ టేపుకే. అది శాతం చెప్పదు, ప్రమాదం ఎక్కడుందో చెబుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలి చుట్టాలి. పొట్ట లోపలికి లాగితే లాభం లేదు! మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 హద్దు.

మేష్టారికి 94 వచ్చింది. ఇప్పుడు శనివారాలు అలిపిరి మెట్లు ఎక్కుతున్నారు. బరువు కిలో మాత్రమే తగ్గిందట; నడుము మూడు సెంటీమీటర్లు.